టాపెట్ సద్దు: మద్రాసు బండి, మైసూరు బండి

1953 అక్టోబరు 1న సిరుగుప్పకు సర్కారు మారింది. ముందురోజు దాకా అది మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లా తాలూకా. ఆ రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు కొత్తగా పుట్టిన ఆంధ్ర రాష్ట్రానికి పోయాయి. బళ్ళారి, హొసపేట, సిరుగుప్ప తదితర తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన దత్త మండలాల్లో ఒక ముక్కగా నూటయాభై ఏళ్ళు మద్రాసు వైపు చూసిన ఊరు బెంగళూరు వైపు తిరిగి కూర్చుంది. ఇళ్ళల్లో మాట మాత్రం తిరగలేదు. కన్నడం, తెలుగు, దక్కనీ ఉర్దూ కలగలిసిన బజారు భాష అలాగే ఉండిపోయింది. చప్పుడుకు ఇక్కడ తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే మాట: సద్దు.

మోటారు సైకిళ్ళ విషయంలో ఆ సరిహద్దు గీతకు ఇంకో అర్థం వచ్చింది. రెండేళ్ళకు, 1955లో, వదిలేసి వచ్చిన మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పుట్టింది. ఇంగ్లండులోని రెడిచ్ ఊరి బుల్లెట్‌ను తిరువొత్తియూరులో బిగించడం మొదలుపెట్టింది. 1961లో, చేరిన రాష్ట్రంలోని మైసూరు నగరంలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ నడక మొదలైంది. అది చెక్ దేశపు జావా. మద్రాసు బండి నాలుగు స్ట్రోకులది, దాని హెడ్డులో రెండు వాల్వులు. మైసూరు బండి రెండు స్ట్రోకులది, అలాంటి వాల్వులు దానికి లేనే లేవు. సిరుగుప్ప లాంటి ఊళ్ళో షెడ్డు పెట్టుకున్న మేస్త్రీ ముందు ఈ రెండూ పక్కపక్కనే స్టాండు వేసుకునేవి. ఒకదాని జబ్బు పైన హెడ్డులో పలికేది. రెండోదాని జబ్బు కింద సైలెన్సర్‌లో మసిగా పేరుకునేది.

పైన పలికే ఆ జబ్బును, అంటే ఎగ్జాస్ట్ వాల్వ్ కొట్టుకునే టకటకను, చెవితో పట్టే విద్యకు ఈ సీమలో డెబ్భై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అది వచ్చింది, ఒక తరం పాటు మరుగున పడింది, మళ్ళీ అక్కరకొచ్చింది.

దానికి ముందు ఊరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. బ్రిటిష్ కాలపు ఇంపీరియల్ గెజిటీరు సిరుగుప్ప అంటే సంపద కుప్ప అని అర్థం చెప్పి, ఆ పేరు ఊరికి తగినదే అంది. వరి మళ్ళు చూసి అన్న మాట అది. తుంగభద్ర మీద విజయనగర రాజుల నాటి ఆనకట్టల నుంచి తీసిన కాలువల్లో సిరుగుప్ప కాలువ, దేశనూరు కాలువ ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి. 1945లో మొదలైన తుంగభద్ర ఆనకట్ట నుంచి 1953లో కొత్త కాలువలకు నీళ్ళు వదిలారు. కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు ఇటు సిరుగుప్ప, కంప్లి వైపూ, నది అవతల గంగావతి, సింధనూరు వైపూ వలస వచ్చి పొలాలు కొన్నారు. వాళ్ళు వేసుకున్న ఊళ్ళకు క్యాంపులనే పేరు స్థిరపడింది. వరితో పాటు రైసు మిల్లులు, మిల్లులతో పాటు ఇంజన్లు, ఇంజన్లతో పాటు వాటిని విప్పి బిగించే చేతులు వచ్చాయి. క్యాంపుకూ క్యాంపుకూ మధ్య నల్లరేగడి దారి. వానకు బంక, ఎండకు దుమ్ము. సైకిలు లాగదు, బస్సు రాదు. మోటారు సైకిలు ఇక్కడ షోకుగా రాలేదు, వ్యవసాయ పనిముట్టుగానే వచ్చింది.

అయితే ఎగ్జాస్ట్ వాల్వ్‌తో దక్కను రైతు తొలి పరిచయం మోటారు సైకిలు మీద కాదు, బావి గట్టున. ఇంగ్లండులోని డర్స్లీ పట్టణంలో లిస్టరు కంపెనీ 1929 నుంచి చేసిన నిదానపు డీజిలు ఇంజన్లు, వాటికి నకళ్ళుగా రాజకోటలో పోతపోసినవి, 1946లో పుణేలో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వారివి, ఇలా ఎన్నో రకాలు పల్లెలకు చేరాయి. తెలుగువాళ్ళ నోట అన్నీ కలిపి ఆయిలింజన్లే. దాన్ని స్టార్టు చేయడం ఇద్దరి పని. ఒకరు హ్యాండిల్ తిప్పాలి. ఇంకొకరు పైన చిన్న లివర్ ఎత్తి పట్టుకోవాలి. ఆ లివర్ వాల్వును తెరిచి ఉంచుతుంది, లోపలి గాలి బిగపట్టకుండా బయటికి పోతుంది, బరువైన చక్రం వేగం అందుకుంటుంది. వేగం చాలనుకున్న క్షణాన లివర్ వదిలేస్తే ఇంజన్ డబ్ డబ్ మని అందుకుంటుంది. ఎప్పుడు వదలాలో చెప్పేది చెవే. బావి దగ్గర లివర్ పట్టుకుని పెరిగిన కుర్రాడికి వాల్వంటే ఏమిటో బొమ్మ గీసి చెప్పనక్కర్లేదు.

బుల్లెట్ వచ్చినప్పుడు దాని ఎడమ హ్యాండిల్ కింద అదే లివర్ ఇంకో వేషంలో కనబడింది. డీకంప్రెసర్ అన్నారు. సిలిండరు హెడ్డులో ఒక బుల్లి వాల్వును తెరిచి, లోపలి ఒత్తిడిని ఎగ్జాస్ట్ దారిలోకి వదిలే ఏర్పాటు. అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కి, లివర్ పట్టి, కొంచెం దాటించి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. ఈ క్రమం తెలియనివాడి కాలిని బుల్లెట్ తిరిగి తన్నేది. ఆ బుల్లి వాల్వు సరిగా మూసుకోకపోతే పిట్ట కూసినట్టు కిచకిచమనేది. హెడ్డు పోయిందని యజమాని గుండె జారేది. మేస్త్రీ దాన్ని విప్పి, నలుపు గీకి, కాస్త రుద్ది పెడితే పిట్ట ఎగిరిపోయేది.

బుల్లెట్‌కు ముందు బండ్లు లేవని కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన బీఎస్‌ఏ ఎం20 లాంటివి యుద్ధం ముగిశాక మన దేశంలో వేలానికి వచ్చాయి. 496 సీసీ బండి, లక్షకు పైగా తయారైంది. దాని వాల్వులు హెడ్డులో ఉండవు, సిలిండరు పక్కన నిలబడి ఉంటాయి. బలం తక్కువ, మొండితనం ఎక్కువ. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులు బిగిసిపోవడంతో విడిభాగాలు దొరక్క, లేత్ మిషను మీద చెక్కుకున్న వాల్వులతోనే చాలా బండ్లు నడిచాయి. ఇక్కడి మేస్త్రీ పనికి లేత్ పనితో ఉన్న చుట్టరికం అక్కడే మొదలైంది. నేటికీ హెడ్డు విప్పిన మేస్త్రీ తర్వాత పోయేది లేత్ షాపుకే.

1950ల మొదట్లో భారత సైన్యం సరిహద్దు గస్తీకి ఎనిమిది వందల 350 బుల్లెట్లకు ఆర్డరిచ్చింది. మద్రాసు కంపెనీకి పునాది అదే. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారు కావడం మొదలైంది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ. ఇంగ్లండులోని మాతృ కంపెనీ 1970ల మొదట్లోనే మూతపడింది. మద్రాసులో మాత్రం అదే ఇంజన్ దాదాపు అదే రూపంలో 2010 దాకా తయారవుతూనే ఉంది. తండ్రి దగ్గర నేర్చిన పనితో కొడుకు, కొడుకు దగ్గర నేర్చిన పనితో మనవడు బతికారంటే ఇంజన్ మారకపోవడమే కారణం. పరిశ్రమకు అది తలవంపు కావచ్చు, పనివాళ్ళకు మాత్రం మూడు తరాల మాన్యం.

ఇంతకీ ఆ టకటక ఎక్కడిది? వాల్వు అంటే పొడుగు కాడ ఉన్న ఉక్కు పుట్టగొడుగు. కామ్ దాన్ని నెట్టి తెరుస్తుంది, స్ప్రింగు లాగి మూస్తుంది. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు పదిహేను వందల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇన్లెట్ వాల్వ్ అదృష్టవంతురాలు. చల్లని గాలి, పెట్రోలు ఆవిరి దాన్ని తడుపుతూ పోతాయి. ఎగ్జాస్ట్ వాల్వ్ మీదుగా పోయేది మంట. గట్టిగా తోలినప్పుడు దాని తల ఏడెనిమిది వందల డిగ్రీల దాకా కాగి ఎర్రబడుతుంది. ఆ వేడి పోవడానికి పెద్దదారి ఒకటే: మూసుకున్న కాసేపు సీటుకు, అంటే హెడ్డులో తాను కూర్చునే అంచుకు, గట్టిగా ఆనుకుని వేడిని హెడ్డుకు అప్పజెప్పడం. కాడ గుండా దాని చుట్టూ ఉన్న గైడుకు పోయేది కొంత.

కాగిన కాడ పొడుగవుతుంది. అందుకని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, కామ్ నెట్టుడును వాల్వుకు అందించే రాకరుకూ కాడకూ మధ్య వెంట్రుక మందం సందు వదులుతారు. టాపెట్ పట్టడం అంటే ఈ సందు సరిచేయడమే. సందు ఎక్కువైతే రాకరు వచ్చి కాడ నెత్తిన సుత్తిలా కొడుతుంది, టక టక వినిపిస్తుంది. బలం కొంచెం తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది, అంతకు మించి కొంపలంటుకోవు. సందు చాలకపోతే ఏ సద్దూ రాదు. బండి పట్టులా నడుస్తుంది. కానీ కాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటుకు ఆనదు, వేడి పోయే దారి మూతపడుతుంది. సందులోంచి మంట చీలికలా దూరి అంచును కోస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లలో వాల్వు అంచు ఎలక కొరికిన రొట్టెలా తయారవుతుంది. కొంచెం పలికే టాపెట్‌కే మేస్త్రీలు ఓటేసేది ఇందుకే. సద్దు పూర్తిగా పోయేదాకా బిగించమని పట్టుబట్టే యజమాని తన వాల్వును తానే కాల్చుకుంటాడు.

ఈ ఒక్క వాల్వు కోసం ప్రపంచం చాలా తంటాలు పడింది. 1920లలో శామ్ హెరాన్ అనే ఇంజనీరు విమానం ఇంజన్లకు బోలు కాడ వాల్వు చేసి లోపల సోడియం పోశాడు. సోడియం 98 డిగ్రీలకే కరిగి లోపల పైకీ కిందికీ ఊగుతూ తల వేడిని కాడకు మోస్తుంది. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం ఇంజన్‌లో ఉన్నవి హెరాన్ వాల్వులే. పెట్రోలులో కలిపిన సీసం కూడా పరోక్షంగా వాల్వును కాపాడింది. అది సీటు మీద సన్నటి పొరగా పేరుకుని దెబ్బను మెత్తపరిచేది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా అదే వచ్చింది. గాలికి మేలు, పిల్లల మెదళ్ళకు మేలు. పాత మెత్తటి సీట్లకు మాత్రం గడ్డుకాలం. సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి పోతుంది, సందు తగ్గుతుంది, సద్దు మాయమవుతుంది. లేత్ షాపుల్లో గట్టి సీట్లు వేయించే పని పెరగడానికి ఇదొక కారణం.

ఈ జబ్బును సిరుగుప్ప షెడ్డులో ఎలా పడతారు? మొదట చేయి వేయరు, అడుగుతారు. "అన్నా, సద్దు యాలపొద్దు వస్తాది? చల్లగున్నప్పుడా, కాగినంకనా?" ఆ ప్రశ్నలో సగం వైద్యం ఉంది. తర్వాత బండిని స్టార్టు చేసి, ఐడిల్‌లో వదిలి, పొడుగు స్క్రూడ్రైవర్ మొన హెడ్డు మీద ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటారు. కామ్ క్రాంకు వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. కాబట్టి టాపెట్ సద్దు క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పలుకుతుంది. ప్రతి చుట్టుకూ వచ్చే బరువైన గడగడ అయితే అది కింద నుంచి, కనెక్టింగ్ రాడ్డు నుంచి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే గాజు గలగలలా వస్తే అది మంట ముందే అంటుకోవడం. కిరోసిన్ కలిసిన పెట్రోలు పోయించుకున్నాడేమో అడగాలి. ఇక అన్నిటికన్నా మోసకారి సద్దు ఇంజన్‌దే కాదు. సైలెన్సర్ నట్టు వదులైనా, పైన వేడి తగలకుండా బిగించిన రేకు ఊడినా, లోపలి జాలీ తునిగినా అచ్చం వాల్వులాగే కొట్టుకుంటుంది. తడిగుడ్డ చుట్టిన చేత్తో రేకును ఒకసారి నొక్కి చూసి, సద్దు ఆగితే ఒక నట్టుతో పని ముగించే మేస్త్రీ ఉంటాడు. అలా చూడకుండానే హెడ్డు విప్పేవాడూ ఉంటాడు. ఊళ్ళో పేరు నిలిచేది మొదటివాడికి.

బుల్లెట్ టాపెట్‌కు ఫీలర్ గేజి కూడా అక్కర్లేదు. కుడివైపు ఒకే బోల్టుతో ఉన్న మూత తీస్తే కామ్ నెట్టుడును రాకరుకు మోసే రెండు పుష్‌రాడ్ల అడుగులు కనబడతాయి. పిస్టన్ పైకి వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపి, రాడ్డును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి తిప్పాలి. తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఎగ్జాస్ట్ రాడ్డుకు ఒక పిసరు ఎక్కువ వదులు. చేతికింది కుర్రాడికి ఉస్తాద్ నేర్పే తొలి పెద్దపని ఇదే. అంకెల్లో చెప్పడు. తన వేళ్ళతో తిప్పి, వాడి వేళ్ళతో తిప్పించి, "ఇట్లుండల్ల" అంటాడు.

వాల్వు కాలిపోయిందనే అనుమానం వస్తే ఇంకో పరీక్ష. కిక్కు కొడితే బిగువు లేకుండా జారిపోతుంటుంది. సైలెన్సర్ చివర చిన్న కాగితం ముక్క పట్టుకుంటే, మంచి బండి దాన్ని అదేపనిగా బయటికి తోస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ కారుతుంటే మధ్యమధ్య కాగితం లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు హెడ్డు విప్పక తప్పదు. వాల్వు అంచు గుంటలు పడితే మార్చాలి. కొంచెమే నల్లబడితే రుద్దాలి. గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు చివర ఉన్న కర్ర వాల్వు తలకు అంటించి, కవ్వం తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పుతారు. ముందు గరుకు పేస్టు, తర్వాత నున్నటిది. సీటు చుట్టూ తెగని బూడిద రంగు వలయం రావాలి. తర్వాత పోర్టులో కిరోసిన్ పోసి కాసేపు చూస్తారు. చుక్క కారకపోతే పని అయినట్టు. గైడు వదులుగా ఉండి వాల్వు అటూ ఇటూ ఊగుతుంటే ఈ రుద్దుడంతా దండగ. ముందు గైడు మార్పించాలి.

ఇంత విద్య ఉండీ, 1960ల నుంచి 1980ల దాకా ఈ సీమ కుర్రాళ్ళు నేర్చింది ఎక్కువగా వేరే పని. మైసూరు జావా, 1973 నుంచి యెజ్డీగా పేరు మార్చుకుని, పల్లె దారుల్ని ఏలింది. కిక్కు కొట్టే కడ్డీనే మడిస్తే గేరు కడ్డీ అయ్యే ఆ బండికి వాల్వులు లేవు, టాపెట్లు లేవు. సిలిండరు గోడలకున్న కంతల్ని పిస్టనే మూస్తూ తెరుస్తూ పోతుంది. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి, ఆ ఆయిలు కాలి సైలెన్సర్ నిండా మసి. మేస్త్రీ పని సైలెన్సర్ లోపలి గొట్టం లాగి నిప్పుల్లో కాల్చి దులపడమే. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ కూడా అదే జాతి. 1983లో యమహా నమూనాతో వచ్చిన రాజ్‌దూత్ 350, 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100 కూడా రెండు స్ట్రోకులవే. ఆ తరానికి బండంటే పికప్, పొగ, డమడమ. చెవితో సందు కొలిచే పని బుల్లెట్ మేస్త్రీల దగ్గరే మిగిలింది. ఊరికి ఒకరో ఇద్దరో.

ఆ రోజుల్లోనే రైతుల కోసం ఒక విచిత్రం పుట్టింది. పంపుసెట్టు డీజిలు ఇంజన్‌ను బుల్లెట్ చట్రంలో కూర్చోబెట్టే పని చిన్న చిన్న వర్కుషాపుల్లో మొదలైంది. తర్వాత కంపెనీయే గ్రీవ్స్ లొంబార్డినీ 325 సీసీ డీజిలు ఇంజన్‌తో టారస్ అనే బండి తెచ్చింది. ఆరున్నర గుర్రాల బలం, నడక నిదానం, లీటరుకు మైలేజీ మాత్రం అబ్బురం. బావి గట్టున మొదలైన ఇంజన్ చక్రాలు తగిలించుకుని రోడ్డెక్కిందన్నమాట. దాని ఊపుకు అద్దంలో మొహం కనబడేది కాదంటారు.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. 97 సీసీ, నాలుగు స్ట్రోకులు. పోయించు, మూత పెట్టు, మరచిపో అని ప్రకటన. జనం అక్షరాలా పాటించారు. పెట్రోలుతో పాటు టాపెట్లనూ మరచిపోయారు. పొగ లేదు, సద్దు లేదు, మైలేజీ ఉంది. ఏళ్ళ తరబడి తోలాక ఒక రోజు కిక్కు జారడం మొదలవుతుంది. హెడ్డు విప్పితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలి ఉంటుంది. రెండు స్ట్రోకుల తరంలో చేతులు తిరిగిన మేస్త్రీలు ఈ బండి ముందు మళ్ళీ బడికి పోవలసి వచ్చింది. ఇందులో పుష్‌రాడ్లు లేవు, హెడ్డు మీదే కామ్, దాన్ని తిప్పడానికి సన్నటి టైమింగ్ చైను. చైను వదులైనా టాపెట్ లాగే పలుకుతుంది. రెంటినీ వేరు చేయడం కొత్త పాఠం. చైను సద్దు ఎడమ పక్కన గొలుసు ఈడ్చినట్టు సాగుతుంది, టాపెట్ సద్దు పైన లెక్కపెట్టినట్టు పడుతుంది. మాగ్నెటో మూతలో టి గుర్తు కలిపి, హెడ్డు మీది రెండు మూతలు తీసి, ఫీలర్ రేకు దూర్చి, నట్టు బిగించే ఈ పని 1990లలో దక్షిణాది షెడ్డులన్నిటికీ రోజువారీ కూడు పెట్టింది. 1996లో యెజ్డీ ఫ్యాక్టరీ మూతపడింది. అదే ఏడు ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ రెండు స్ట్రోకుల బండ్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. వాల్వులు గెలిచాయి.

గెలిచాయో లేదో, సద్దును తీసేసే యంత్రం వచ్చింది. హైడ్రాలిక్ టాపెట్ ఆలోచన పాతదే. ఫ్రెంచివాడు అమెదీ బొలే 1910లో దాన్ని ఊహించాడు, కాడిలాక్ కారు 1930లో వాడింది. ఆయిలు ఒత్తిడే సందును నింపుతుంది, పానా పెట్టే పని లేదు. 2008 నుంచి మద్రాసు కంపెనీ, అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్, కొత్త ఇంజన్లలో ఇది వచ్చింది. బుల్లెట్ కుడివైపు మూత మాయమైంది. రెండు వేళ్ళతో రాడ్డు తిప్పి బతికిన ఉస్తాద్‌లకు ఇది చిన్న దెబ్బ కాదు. ఆయిలు మార్చడం ఆలస్యమైతే ఆ టాపెట్ కూడా పొద్దున్నే కాసేపు టకటకమంటుంది. అప్పుడు మందు పానా కాదు, కొత్త ఆయిలు. ఆ తర్వాత కంపెనీ మనసు మార్చుకుంది. 2018లో వచ్చిన 650 జంట సిలిండర్ల బండ్లలో, 2020లో మీటియర్‌తో వచ్చిన 349 సీసీ ఇంజన్‌లో టాపెట్ మళ్ళీ చేత్తో సర్దేదే అయింది. ఫీలర్ గేజి దుమ్ము దులుపుకుంది.

పెద్ద బండ్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ అనే మాటకు రెండో అర్థం కూడా ఉంది. యమహా 1987లో ఎఫ్‌జెడ్ఆర్ 400లో సైలెన్సర్ గొట్టంలోనే ఒక రెక్కను పెట్టింది. వేగాన్ని బట్టి చిన్న మోటారు తీగలతో దాన్ని తెరిచి మూస్తుంది. రెక్క ఇరుసు బుష్ అరిగితే, తీగ వదులైతే, ఐడిల్‌లో డబ్బాలో గులకరాళ్ళు ఆడినట్టు గలగలలాడుతుంది. దానికి హెడ్డు విప్పనక్కర్లేదు. మసి తుడిచి, వేడికి తట్టుకునే గ్రీజు పెట్టి, తీగ బిగించి, అప్పటికీ ఆగకపోతే బుష్ మార్చాలి. జాతీయ రహదారి 150ఏ మీద బళ్ళారి నుంచి సింధనూరు వైపు దూసుకుపోయే బరువు బండ్లలో ఒకటి ఇలా గలగలమంటూ ఆగిందనుకోండి. కంప్యూటరు పెట్టి చూస్తే తప్పు సంకేతం కనబడవచ్చు, కనబడకపోనూవచ్చు.

2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 బండ్లే అమ్మాలి. పెట్రోలు చిమ్మడం కంప్యూటరు చూసుకుంటుంది, గొట్టంలో ఆక్సిజన్ సెన్సరు కాపలా కాస్తుంది, లోపం ఉంటే మీటరులో పసుపు దీపం వెలుగుతుంది. టాపెట్ సందుకు మాత్రం ఆ బండ్లలో సెన్సరు లేదు. వెంట్రుక మందం తేడాకు దీపం వెలగదు. సిరుగుప్ప షెడ్డులో కేఏ-34 బళ్ళారి బండి, కేఏ-36 రాయచూరు బండి, ఆదోని నుంచి వచ్చిన పాత ఏపీ-21, కొత్త ఏపీ-39 బండ్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. వరికోతల కాలమైతే ఎయిర్ ఫిల్టరు నిండా ఊక దుమ్ము. ఫిల్టరు సరిగా కూర్చోకపోతే ఆ దుమ్మే పేస్టులా వాల్వు గైడును రుద్దుతుంది. మేస్త్రీ ముందు ఫిల్టరు దులిపి, తర్వాతే చెవి పెడతాడు.

ఒక ఇబ్బంది మాత్రం మద్రాసు బుల్లెట్ నాటి నుంచీ తప్పలేదు. టాపెట్ చల్లటి ఇంజన్ మీదే పట్టాలి. ముప్ఫై నలభై కిలోమీటర్లు తోలుకొచ్చిన బండి కాగి ఉంటుంది, వెంటనే పట్టిస్తే రేపు పొద్దున లెక్క తప్పుతుంది. తొందరున్నవాడికి ఈ మాట రుచించదు. నీళ్ళు పోసి చల్లార్చమని అడిగేవాళ్ళూ లేకపోలేదు. కాగిన హెడ్డు మీద నీళ్ళు పోస్తే అది వంకరపోతుందని వాళ్ళకు ఓపికగా చెప్పాలి. కాబట్టి దూరం నుంచి వచ్చిన బండి రాత్రికి షెడ్డులోనే పడుకుంటుంది. తాళం మేస్త్రీ చేతికిచ్చి యజమాని ఆదోని బస్సో సింధనూరు బస్సో పట్టుకుంటాడు. పొద్దున్నే పని ఒక అరగంటే. ఎండ హెడ్డు మీద పడకముందే అయిపోవాలి.